పన్నెండు చొక్కాలు

పెదవుల మధ్య ఆరు గుండుసూదులు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, జ్ఞానప్రసూన ఒక పెళ్ళికూతురి గౌను అంచు మడుస్తోంది. ఆ గౌనుకు నాలుగు సూదులు చాలు. మిగిలిన రెండూ మాటల నుంచి తప్పించుకోవడానికి. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ ప్రశ్నలు అడగరని ఈ షాపులో చేరిన మొదటి నెలలోనే ఆవిడ కనిపెట్టింది. ఇంగ్లీషు రాని రోజుల్లో మొదలుపెట్టిన ఎత్తు అది. వచ్చాక కూడా మానలేదు.

అమెరికాలోని అరోరా ఊళ్ళో రూట్ 59 రోడ్డు పక్కన, పిజ్జా కొట్టుకీ గోళ్ళరంగుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న డ్రై క్లీనర్స్ షాపు అది. ముందు కౌంటరు, వెనక ఆవిరి కక్కే ఇస్త్రీ యంత్రాలు, మూలన కిటికీ పక్కన ఆవిడ మిషను. 2001లో చేరింది. ఈ పదేళ్ళలో యజమానురాలు లిండా జుట్టు నెరిసింది, ఎదురుగా ఉన్న వీడియోల దుకాణం మూతపడింది, ప్రసూన మిషను మాత్రం ఆ మూల నుంచి కదల్లేదు. యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. కుడిచేతి చూపుడువేలి కొన సూదిపోట్లకి మొద్దుబారిపోయింది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. భర్త ఆంజనేయప్రసాద్ పోయిన ఈ నాలుగేళ్ళుగా ఆ మెడలో ఉండేది టేపు ఒక్కటే.

పెళ్ళికూతురు అద్దంలో చూసుకుని మురిసిపోయి వెళ్ళిపోయింది. ప్రసూన సూదులు డబ్బాలో వేసి, మిషను కింద ఉన్న సంచి ముందుకు లాక్కుంది. అందులో కొడుకు చొక్కాలు పన్నెండు. తొమ్మిది అయిపోయాయి, మూడు మిగిలాయి. టైము పదకొండు దాటింది. సాయంత్రం ఐదున్నరకి వ్యాన్ వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళ జగదీష్ అది ఎక్కి, తల్లి ఇల్లు వదిలి, ఫాక్స్ నది దగ్గరున్న అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోతాడు.

అక్కడ తనలాంటి మరో ఇద్దరితో కలిసి ఉంటాడు. సాయంత్రాలు సహాయానికి ఒక మనిషి వస్తాడు. పొద్దున మాత్రం ఎవరూ రారు. ఎవరి పళ్ళు వాళ్ళు తోముకుని, ఎవరి బట్టలు వాళ్ళు వేసుకుని, ఏడున్నర బస్సు అందుకోవాలి. మొదటి ముప్పై రోజులూ పరీక్ష. కుదరలేదంటే ఆ గది లిస్టులో తర్వాతి పేరుకి పోతుంది. ఆ లిస్టులో జగదీష్ పేరు పైకి రావడానికి ఏడేళ్ళు పట్టింది. మళ్ళీ ఏడేళ్ళంటే ప్రసూనకి అరవై నాలుగు వస్తాయి. మొన్న చలికాలం మంచు మీద జారిపడి మూడు వారాలు మంచం దిగలేనప్పుడు, ఈ అరవై నాలుగు గురించి ఆవిడ చాలా ఆలోచించింది.

పొద్దున్నే బట్టలు వేసుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా. పన్నెండు చొక్కాలూ బయటి నుంచి చూస్తే మామూలు చొక్కాలే. నిలువునా ఏడు గుండీలు. కానీ ఆ గుండీలు ఉత్తుత్తివి. కాజా మీదే గుండీ కుట్టేసి ఉంటుంది. లోపలి వైపు వెల్క్రో ముక్కలు. రెండు అంచులూ దగ్గరికి చేర్చి అరచేత్తో నొక్కితే చాలు, చొక్కా తొడుక్కోవడం అయిపోయినట్టే. ఎంత దగ్గరగా చూసినా ఎవరూ పట్టుకోలేరు. ఈ పనితనం మీద ప్రసూనకి కాస్త గర్వం కూడా ఉండేది, మొన్న మొన్నటిదాకా.

ఈ మాయ తెనాలిలో మొదలైంది. జగదీష్ పుట్టినప్పుడు డౌన్ సిండ్రోమ్ అన్న మాట అక్కడ ఎవరూ ఆవిడకి చెప్పలేదు. నెమ్మదిగా ఎదుగుతాడు అన్నవాళ్ళు మంచివాళ్ళు. మిగతావాళ్ళు అన్న మాటలు మరిచిపోయానని ప్రసూన చెబుతుంది, మరిచిపోలేదు. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉండటం వల్ల కొందరు ఇలా పుడతారని, తల్లి తినకూడనిది తినడం వల్ల కాదని, చాలా ఏళ్ళ తర్వాత అమెరికాలో ఒక డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. ఆ రోజు కార్లో ఆంజనేయప్రసాద్, "చూశావా, మనవాడికి అందరికంటే ఒకటి ఎక్కువే ఇచ్చాడట. ఇన్నాళ్ళూ తక్కువ తక్కువ అని చంపారు" అని నవ్వాడు. నవ్వుతూనే దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి పది మైళ్ళు అదనంగా తిప్పాడు.

జగదీష్‌ది పొట్టి మెడ, వెడల్పాటి ఛాతీ, పొట్టి చేతులు. రెడీమేడ్ చొక్కా ఛాతీకి సరిపోతే చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. తెనాలి బజారులో పాపయ్య అనే టైలరు మూడుసార్లు కొలతలు తీసి, మూడుసార్లూ ఓడిపోయి, "నువ్వే నేర్చుకో తల్లీ. ఈడి ఒళ్ళు నీ చేతులకి తెలిసినట్టు నా టేపుకి తెలీదు" అన్నాడు. అలా నేర్చుకుంది. మధ్యాహ్నాలు పాపయ్య కొట్టులో స్టూలు మీద ఆవిడ, కింద గుడ్డముక్కల కుప్పలో పిల్లాడు. ఎర్రవి ఒక పక్క, పచ్చవి ఒక పక్క వేరుచేస్తూ గంటలకొద్దీ కూర్చునేవాడు. కొత్త గుడ్డ గంజి వాసన, పక్క హోటల్లో వేగుతున్న పునుగులు, పాపయ్య కూనిరాగం. వాడు పునుగు సగం తిని మిగతా సగం పాపయ్య నోట్లో పెట్టేవాడు. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ప్రసూనకి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. కష్టకాలమని అందరూ జాలిపడ్డ రోజులే ఆవిడ జీవితంలో అన్నిటికంటే తీయటి రోజులు కావడం ఎవరికి చెప్పుకుంటుంది?

వాడికి వేళ్ళలో పట్టు తక్కువ. ఏడేళ్ళప్పుడు బళ్ళో ఎవరో చొక్కా గుండీలు విప్పేస్తే, మళ్ళీ పెట్టుకోలేక, రెండు చేతులతో చొక్కా మూసిపట్టుకుని ఇంటికి నడిచి వచ్చాడు. ఆ సాయంత్రమే ప్రసూన కింద టిచ్ బటన్లు వేసి పైన ఉత్తుత్తి గుండీలు కుట్టింది. "దొంగపని బలే చేశావమ్మా" అని పాపయ్య మెచ్చుకున్నాడు. 1999లో భర్త ఉద్యోగంతో పాటు అమెరికా వచ్చాక టిచ్ బటన్ల బదులు వెల్క్రో వచ్చింది, అంతే తేడా. ఇరవయ్యొక్క ఏళ్ళుగా కొడుకు చేత ఆవిడ ఒక్క గుండీ పెట్టించలేదు. పెట్టగలడేమో చూద్దామని కూడా అనుకోలేదు.

అందుకే, వేసవిలో ఆ అపార్ట్‌మెంట్ నడిపే సంస్థవాళ్ళు పంపిన ఫారంలో 'బట్టలు వేసుకోవడం' అన్నచోట 'పూర్తి సహాయం కావాలి' అని టిక్కు పెట్టింది. ఆ ఒక్క గడి వల్ల అపార్ట్‌మెంట్ కుదరదన్నారు. పియోరియా అవతల, రెండున్నర గంటల దూరంలో, ఇరవైనాలుగు గంటలూ మనుషులు కనిపెట్టుకుని ఉండే ఇంటికి జగదీష్ పేరు వేశారు. ప్రసూన ఏడ్చింది. ఏడ్చిందే గానీ, తను రాసింది తప్పేమోనన్న అనుమానం మాత్రం ఆవిడకి రాలేదు.

ఆ అనుమానం నీహారికకి వచ్చింది. నేపర్‌విల్‌లో పుట్టి పెరిగి, ఆ సంస్థలో పనిచేస్తున్న తెలుగమ్మాయి. జగదీష్ రెండేళ్ళుగా ఒక జిమ్‌లో వారానికి నాలుగు రోజులు తువ్వాళ్ళు ఉతికి మడతపెడతాడు. ఫారం మీద మాట నమ్మకుండా నీహారిక అక్కడికి వెళ్ళి చూసి వచ్చింది.

"ఆంటీ, వాళ్ళ యూనిఫాం షర్ట్‌కి రియల్ బటన్స్ ఉన్నాయి. డైలీ తనే పెట్టుకుంటాడు. నా ముందు కూడా చేసి చూపించాడు. కొంచెం స్లో, బట్ హి కెన్ డూ ఇట్. మీకు తెలీదా?"

తెలీదు. ఆ యూనిఫాం ఎప్పుడూ ఇంటికి రాలేదు, జిమ్‌లోనే ఉతికేవారు. రోజూ వెల్క్రో చొక్కాతో వెళ్ళి వెల్క్రో చొక్కాతో తిరిగొచ్చే కొడుకు, మధ్యలో రెండేళ్ళపాటు గుండీలు పెట్టుకుంటున్నాడని తల్లికి తెలీదు. ఫారం మార్చి రాశారు, అపార్ట్‌మెంట్ దక్కింది. సంతోషించాల్సిన ప్రసూన ఆ రోజు వంటింట్లో కుళాయి వదిలేసి, సింకు నిండిపోతున్నా చూస్తూ నిలబడింది. తన ప్రేమే కొడుకు దారికి అడ్డంగా కూర్చుందని అర్థమైన తల్లికి ఏ పని మీద మనసు నిలుస్తుంది?

పదో చొక్కా తీసింది. కుట్టు విప్పే చిన్న కత్తితో వెల్క్రో ఊడదీసింది, పైన గుండీలు తెంపింది, కింద మూతపడి ఉన్న కాజాలు బయటపడ్డాయి. గుండీలు అవతలి పట్టీ మీద కుట్టాలి. మామూలు గుండీలు కాదు, కాస్త పెద్దవి తెచ్చింది. ఒక్కో గుండీ కింద అగ్గిపుల్ల ఉంచి కుట్టి, పుల్ల లాగేసి, ఆ వదులు దారానికి చుట్లు వేసి కాడలా నిలబెట్టింది. అప్పుడు గుండీ గుడ్డకి అంటుకుపోకుండా కాస్త లేచి ఉంటుంది, మొద్దువేళ్ళకి అందుతుంది. వాడి పని వాడే చేసుకుంటాడు, గుండీ మటుకు వాడికి ఎదురొస్తుంది. ఈ ఉపాయం ఇరవయ్యొక్క ఏళ్ళ కిందటే తట్టి ఉంటే, అనుకుని నాలిక కరుచుకుంది.

మధ్యాహ్నం రత్నం గారు వచ్చింది. ఒంగోలు నుంచి వచ్చి కూతురి దగ్గర ఆర్నెల్లుగా ఉంటున్న పెద్దావిడ. కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. ప్రసూన సూదులు నోట్లో పెట్టుకోబోయింది గానీ ఆలస్యమైపోయింది.

"ఏమ్మా ప్రసూనా, పిల్లోణ్ణి హాస్టల్లో యేస్తన్నావంటగా? గుళ్ళో అనుకుంటన్నారు."

"హాస్టల్ కాదండీ, అపార్ట్‌మెంట్."

"ఏదైతే ఏవుందిలే. ఎప్పుడూ నవ్వతా ఉంటాడు, కోపం తాపం తెలీని బిడ్డ. అట్టాంటోణ్ణి పరాయోళ్ళ చేతుల్లో పెట్టబుద్ధి ఎట్టా అయిందమ్మా నీకు?"

ఎప్పుడూ నవ్వుతాడట! జగదీష్ అలిగితే ఇల్లంతా అలిగినట్టే ఉంటుంది. మొన్న తను క్రికెట్ చూస్తుంటే ఛానెల్ మార్చినందుకు రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు, అన్నం మాత్రం మూడు పూటలా తిన్నాడు. ఈ 'ఎప్పుడూ నవ్వే బిడ్డ' అన్న మాట వింటే ప్రసూనకి ఒళ్ళు మండుతుంది. దేవుడి బిడ్డ అని పూజగదిలో కూర్చోబెట్టడానికి అందరూ సిద్ధమే. పక్కింట్లో అద్దెకుంటానంటేనే చిక్కు.

"వాడికి కోపం కూడా బానే వస్తుందండీ," అంది. "వాడికి వెళ్ళాలని ఉంది. నేనే వద్దన్నాను ఒకసారి. అప్పుడూ వచ్చింది కోపం."

రత్నం గారు కోటు చేతి మీద సుద్దగీత పడుతుంటే చూస్తూ, "మరి నీకు ఎట్టా పొద్దుపోద్దమ్మా ఇంకమీదట?" అంది. అడగడంలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది. ప్రసూన గీత వంకర పోయింది.

మూడింటికి పదకొండో చొక్కా అయిపోయింది. పన్నెండోది బూడిదరంగు గళ్ళది. అది తీసి ఒళ్ళో పెట్టుకుంది. షాపులో పని లేదు, నాలుగింటిదాకా టైముంది. ఒక చొక్కా మార్చడానికి అరగంట చాలు. కత్తి చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. ఒక్కటి ఉంటే ఏం పోయింది? పొద్దున తొందరలో చెయ్యి తిరగకపోతే, జ్వరమొస్తే, ముప్పై రోజుల్లో ఒక రోజు ఎటూ కానిది ఉండదా? ఇవన్నీ పైకి చెప్పుకున్న కారణాలు. అసలు కారణం ఆవిడకీ తెలుసు. ఆ వెల్క్రో ఉన్నంతకాలం జగదీష్‌కి తను కావాలి. చొక్కాని అలాగే మడిచి, మిగతా పదకొండింటి అడుగున పెట్టింది.

నాలుగున్నరకి ఇంటికొచ్చేసరికి జగదీష్ హాల్లో సూట్‌కేసు తెరుచుకుని కూర్చున్నాడు. గుండ్రటి మొహం, లావు కళ్ళద్దాలు, చెవుల దగ్గర అప్పుడే తెల్లబడుతున్న జుట్టు. పాంట్లు, బనియన్లు, సాక్సులు అంచు తేడా లేకుండా మడతపెట్టి ఉన్నాయి. మడతల విషయంలో అతను ఎవరి మాటా వినడు.

"లేట్, అమ్మా," అన్నాడు చెయ్యి చాపి.

సంచి అందుకుని ఒక్కో చొక్కా విప్పి, గుండీలు వేలితో తడిమి, మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టాడు. ప్రసూన వంటింట్లోకి వెళ్ళబోయింది. వెనకనుంచి చర్రున వెల్క్రో చప్పుడు వినిపించింది.

"ఇది మార్చలేదు."

"టైం సరిపోలేదు నాన్నా. ఒక్కటేగా. తొందరగా ఉన్నప్పుడు వేసుకో."

జగదీష్ కళ్ళద్దాలు పైకి తోసుకుని తల్లిని చూశాడు. "అబద్ధం," అన్నాడు. కోపంగా అనలేదు. "మార్చు. నేను వెయిట్ చేస్తా."

దొరికిపోయిన దొంగలా ప్రసూన సూదీ దారం తెచ్చుకుని నేల మీద కూర్చుంది. ఆవిడ వెల్క్రో విప్పుతుంటే అతను ఎదురుగా కూర్చుని దారపు ముక్కలు ఏరుతున్నాడు. కాసేపటికి ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"రెండేళ్ళ నుంచీ పెట్టుకుంటున్నావటగా. నాకెందుకు చెప్పలేదురా?"

జగదీష్ నోట్లోంచి మాట రావడానికి టైము పడుతుంది. తొందరపెడితే మధ్యలో మానేస్తాడు. ఆవిడ ఒక గుండీ కుట్టింది, రెండో గుండీ కుట్టింది. మూడోది కుడుతుండగా మాట వచ్చింది.

"డాడీ పోయాక... నువ్వు ఏడ్చి ఏడ్చి... నా షర్ట్స్ కుట్టావు. రోజూ. కుట్టేటప్పుడు ఏడవవు. నేను చెప్తే... నీకు పని ఉండదు కదా."

ప్రసూన చేతిలో సూది ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తను కొడుకుని కనిపెట్టుకుని ఉన్నాననుకుంది. కొడుకు తనని కనిపెట్టుకుని ఉన్నాడని ఏ ఫారంలోనూ గడి లేదు. చివరికి, "ఎవరు నేర్పారు?" అని మాత్రం అడగగలిగింది.

"నేనే. అద్దంలో చూసి. ఫస్ట్ కిందది పెట్టాలి. అది కనపడుద్ది. పైది హార్డ్."

ఐదున్నరకి బయట వ్యాన్ ఆగింది. నీహారిక తలుపు తోసుకుని లోపలికొచ్చి, "ఆంటీ, రెడీనా?" అంది. ఆఖరి గుండీ దారం తెంపుతున్న ప్రసూనకి బదులుగా జగదీష్ చెప్పాడు. "ఫైవ్ మినిట్స్. ఇది వేసుకుని వస్తా."

గళ్ళచొక్కా తొడుక్కుని కిందిగుండీతో మొదలుపెట్టాడు. గుండీ కాజా పక్కనుంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. నాలిక కొన పెదవుల మధ్యకి వచ్చింది, నుదుటి మీద చెమట పట్టింది. ప్రసూన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని అదే.

"చూడకు," అన్నాడు జగదీష్.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. బయట మేపుల్ ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. నీహారిక గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తోంది. ఎంతసేపైందో తెలీదు. "చూడు," అన్నాడు.

ఆరు గుండీలూ వాటి వాటి కాజాల్లో ఉన్నాయి. ఏడోది, మెడ దగ్గరది, వదిలేశాడు.

"అదో?"

"అది ఫ్యాషన్," అన్నాడు. నీహారిక పకపకా నవ్వింది. ప్రసూన కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

పెట్టె అతనే మోసుకెళ్ళాడు. మెట్ల దగ్గర ఆగి, తల్లిని ఊపిరాడనంత గట్టిగా ఒకసారి పట్టుకుని వదిలాడు. వ్యాన్లో ముందుసీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, రేడియో స్టేషన్లు మార్చడంలో పడిపోయాడు. వ్యాన్ మలుపు తిరిగేటప్పుడు కూడా వెనక్కి చూడలేదు.

ప్రసూన లోపలికొచ్చి తలుపు వేసింది. అప్పుడు కనిపించాయి గుమ్మం పక్కన హవాయి చెప్పులు. ఇంట్లో తిరగడానికి ఏటా ఎవరో ఒకరు ఇండియా నుంచి తెచ్చిపెట్టే చెప్పులు, జగదీష్‌వి. వాడు పుట్టిన రోజు తెనాలి డాక్టరు చంటి పాదం చేతిలోకి తీసుకుని, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య మామూలు కంటే ఎక్కువున్న ఎడం చూపించి, ఇదీ ఆ లక్షణమే అన్నట్టు పెదవి విరిచాడు. ఆ ఎడమే మరి, పరిగెత్తినా చెప్పు జారనిచ్చేది కాదు.

మరిచిపోయాడు! ఆవిడకి ఎక్కడలేని ఓపిక వచ్చింది. కోటు తొడుక్కుంది, చెప్పులు చేతిలోకి తీసుకుంది, కారు తాళాలు వెతికింది. పదిహేను నిమిషాల దూరం. ఇచ్చేసి వస్తుంది. ఎలాగూ వెళ్ళింది కాబట్టి పక్క సర్ది, రేపటికి చొక్కా తీసిపెట్టి, అవసరమైతే ఈ ఒక్కరాత్రికి సోఫాలో... తలుపు తీస్తూ ఫోన్ చేసింది. నీహారిక ఫోన్ అతనికిచ్చింది.

"చెప్పులు మర్చిపోయావురా. తెస్తున్నాను, ఉండు."

రేడియో చప్పుడు తగ్గింది. మాట రావడానికి టైము పట్టింది. ఆవిడ ఆగింది.

"మర్చిపోలేదు," అన్నాడు జగదీష్. "అక్కడికి కొత్తవి కొన్నా. అవి మనింటివి. సండే వస్తాను కదా, అప్పుడు కావాలి. అక్కడే పెట్టమ్మా."

"సరే నాన్నా," అంది ప్రసూన. ఫోన్ పెట్టేసి, కోటు విప్పి మేకుకి తగిలించింది. వంగి చెప్పులు గుమ్మం పక్కన పెట్టి, ఒక క్షణం ఆలోచించి, వచ్చీ రాగానే కాళ్ళు దూర్చుకునేందుకు వీలుగా తిప్పింది. గోడవారగా, మడమల దగ్గర అరిగిపోయిన ఆ నీలం పట్టీల చెప్పులు వేళ్ళు ఇంటి లోపలివైపుకి తిరిగి ఉన్నాయి.